క్రొత్త కంప్యూటరుకు ఆదిలో కలుగు విఘ్నములు



మన పల్లెలకు కంప్యూటరు రెండు విధములుగా వచ్చుచున్నది. కంపెనీవారు కూర్చి పెట్టెలో పెట్టి పంపునది యొకటి. విడిభాగములను వేరువేరుగా తెప్పించుకొని పిల్లలు ఇంటియందే బిగించుకొనునది రెండవది. ఈ రెండవదానియందు కావలసిన భాగమును కోరి యెన్నుకొనవచ్చును. అందుచేత ఇంజనీరింగు చదువు పిల్లలకు దానిపై మక్కువ మెండు. కాని దానియందొక చిక్కు కలదు. కంపెనీ యంత్రము చెడినచో సమాధానము చెప్పవలసినవాడు ఒక్కడే. ఇంట బిగించినది చెడినచో, మదర్‌బోర్డు అమ్మినవాడు మెమరీని నిందించును. మెమరీ అమ్మినవాడు మదర్‌బోర్డును నిందించును. నడుమ సొమ్మిచ్చిన పెద్దవాడు ఎవరి మాట నమ్మవలెనో యెరుగక మరల రుమాలు ముడి విప్పును. ఆ ముడి విప్పుటకు ముందు చేయదగిన విచారణను గూర్చి నేడు మీకు విన్నవింపదలచితిని.

భాగములన్నియు బిగించినంతమాత్రమున కంప్యూటరు పనికి రాదు. విండోసు గాని లినక్సు గాని, ఏదో యొక ఆపరేటింగు సిస్టమును దానియందు స్థాపింపవలెను. సాధారణముగా నది పెన్‌డ్రైవునందు వచ్చును. యంత్రము ఆ పెన్‌డ్రైవును చదివి, అందు మడిచిపెట్టిన ఫైళ్లను మెమరీలో విప్పి, లోపలి ఎస్.ఎస్.డి.పై వ్రాసికొనును. ఈ వ్రాతపనియందే విఘ్నము కలుగును. నూటికి ముప్పదివంతులైన పిమ్మట నీలితెర వచ్చును. లేదా యంత్రము తనంత తానే ఆగి మరల మొదలగును. లేదా ఫలాని ఫైలు చెడియున్నదని తెలుపును. అప్పుడు పిల్లవాడు మొదట పెన్‌డ్రైవును అనుమానించి, దానిని తుడిచి మరల సిద్ధము చేయును. నాలుగైదు మారులట్లు చేసి, ఆపైన ఆశ వదలుకొనును.

అనుమానింపవలదని నేను చెప్పను. అనుమానించుట కొక క్రమము కలదని మాత్రమే చెప్పుచున్నాను. తాటాకు గ్రంథములను సరిచూచిన వారికి ఆ క్రమము క్రొత్తది కాదు. మాతృక యని యొకటి యుండును; దానిని చూచి వ్రాయు లేఖకుడుండును; వ్రాయబడు ఆకు లుండును. మాతృకయందే ఒక పద్యపాదము లోపించినచో, పదిమంది లేఖకులు వ్రాసిన పది ప్రతులయందును ఆ పాదమే లోపించును. అట్లుగాక, ఒకే మాతృకనుండి ఒకే లేఖకుడు మూడు మారులు వ్రాయగా, మొదటి ప్రతిలో ఒకచోట, రెండవ ప్రతిలో వేరొకచోట, మూడవ ప్రతిలో మరియొకచోట తప్పు దొరలినచో, మాతృకను తప్పుపట్టుట న్యాయము కాదు. ఆ లేఖకునికి నిద్ర చాలలేదని యూహింపవలెను. 19వ శతాబ్దమున కడపలో బ్రౌను దొర పండితులచేత అనేక ప్రతులను పోల్చించినప్పుడును ఇట్టి తారతమ్య విచారమే జరుగవలసి వచ్చినది.

ఇచ్చట పెన్‌డ్రైవు మాతృక. మెమరీయు ప్రాసెసరును కలిసి లేఖకుడు. ఎస్.ఎస్.డి. తాటాకు. కావున మొదట చేయవలసిన పని స్క్రూడ్రైవరు తీయుట కాదు; ఒక నోటుబుక్కు తీయుట. ఏ మార్పును చేయక మూడు మారులు స్థాపనము నారంభించి, ప్రతిమారును ఎన్నవ వంతున ఆగినదో, ఎన్ని నిమిషముల కాగినదో, తెరపై నే మాటలు కనబడినవో వ్రాసికొనవలెను. మూడు మారులును ఒకేచోట ఒకే మాటతో ఆగినచో దోషము పెన్‌డ్రైవునందో, వ్రాయబడు ఎస్.ఎస్.డి.యందో యుండును. తడవకొక చోట, తడవకొక మాటతో ఆగినచో మెమరీని, ప్రాసెసరును, విద్యుత్తును, వేడిమిని చూడవలెను. ఏమియు మార్పక మూడు మారులు చేయుమన్నచో యువకులకు ఓర్పు పట్టదు. అందుచేత పెద్దవారొకరు ప్రక్కన కుర్చీ వేసికొని కూర్చుండుట మంచిది.

ఇది అనుమాన ప్రమాణము మాత్రమే. ప్రత్యక్షమునకు వేరుగ పరీక్ష కలదు. దానిని ముందు చెప్పెదను.

"మెమరీ చెడినచో యంత్రము అసలే వెలుగదు గదా, బయోసు తెర చక్కగా కనబడుచున్నదే" యని పిల్లలు వాదింతురు. ఈ వాదము నిలువదు. బయోసు తెరకు కావలసిన మెమరీ అత్యల్పము. స్థాపన సమయమున అనేక కోట్ల అక్షరములు మెమరీలో విప్పబడును. పైగా అవి కుదించి మడిచిన అక్షరములు. సూత్రమునందు ఒక అక్షరము జారినచో దాని భాష్యమంతయు తలక్రిందగును గదా. అట్లే కుదించిన ఫైలునందు ఒక్క బిందువు మారినను విప్పినప్పుడు పుటలకు పుటలు చెడిపోవును. విండోసు మూటలో ప్రతి ఫైలునకును దాని యక్షరములనుండి గణించిన యొక సంఖ్య కూడ చేర్చబడి యుండును. విప్పిన పిమ్మట మరల గణించి చూతురు. ఉత్పలమాల పాదమునకు ఇరువది యక్షరములని యెరిగినవాడు, అర్థము తెలియకపోయినను, పందొమ్మిదే యున్న పాదమును చూచి ఇచ్చట నొకటి జారినదని చెప్పగలడు. ఇదియు నట్టిదే. కావున ఫైలు చెడినదని చెప్పి ఆగిన స్థాపనము మనకు అపకారము చేయలేదు. ఆగక ముందుకు సాగినచో ఆ చెడు మెమరీయే పిమ్మట ఇంటి లెక్కలను, పెండ్లి ఛాయాచిత్రములను నిశ్శబ్దముగా పాడుచేయుచుండును.

మెమరీయందు దోషము లేకున్నను, వేగము వలన తొట్రుపాటు కలుగవచ్చును. డి.డి.ఆర్.5 అను నేటి మెమరీ పెట్టెపై 6000 అని అచ్చువేసి యుండును. బిగించిన వెంటనే అది సాధారణముగా 4800 ప్రాంతముననే నడుచును. తక్కిన వేగమునకు బయోసులో ఇంటెలువారి ఎక్స్.ఎం.పి. గాని, ఎ.ఎం.డి.వారు 2022లో తెచ్చిన ఎక్స్‌పో గాని ఆన్ చేయవలెను. అది ప్రమాణమునకు మించిన వేగము. కొన్ని ప్రాసెసర్లు, కొన్ని బోర్డులు దానిని భరింపలేవు. రెండు స్టిక్కులకు మారుగ నాలుగు పెట్టినచో భరించుట మరింత కష్టము. స్థాపనము ముగియువరకు దానిని ఆఫ్ చేసి యుంచుటయే ఉచితము. ఇంకొక మాట. డి.డి.ఆర్.5 బిగించిన యంత్రము మొదటిసారి వెలిగించినప్పుడు మెమరీని సరిచూచుకొనుటకు కొన్ని నిమిషములు నల్లతెరతో నుండవచ్చును. చచ్చినదని భ్రమించి స్విచ్చి కట్టివేయరాదు.

ఇక మా బంధువుల యింట జరిగినది చెప్పెదను. తండ్రి మిర్చి అమ్మిన సొమ్ములోనుండి 72,000 రూపాయలు వెచ్చించెను. కుమారుడు భాగములు తెప్పించి, రెండు దినములలో చక్కగా బిగించెను. స్థాపనము మాత్రము సాగలేదు. మొదటి మారు 23 వంతులకు, రెండవ మారు 61 వంతులకు ఆగెను. మూడవ మారు మెమరీ మేనేజ్‌మెంటు అను మాటతో నీలితెర వచ్చెను. ఫోనులో అడుగగా దుకాణమువారు బోర్డు చెడియుండునని, దానిని సర్వీసుకు పంపవలెనని చెప్పిరి. పంపినచో మూడు వారములు. అప్పటివరకు నిలువలేక తండ్రి 14,000 అప్పు తెచ్చి వేరొక బోర్డు కొనుటకు సిద్ధపడెను. మెమరీని మార్చియిచ్చు గడువు ఏడు దినములు. నేను వెళ్లునాటికి ఐదవ దినము.

"తాతగారూ, పెన్‌డ్రైవు నాలుగు మారులు చేసితిని, అన్నియు నిట్లే" యని పిల్లవాడు చెప్పెను. ఎచ్చటెచ్చట ఆగినదని యడిగితిని. ఆ సంఖ్యలు తడవకొకటిగా నుండుట విని, పెన్‌డ్రైవును విడిచిపెట్టుమంటిని.

ముందు ఎక్స్‌పో ఆఫ్ చేయించితిమి. ఈ మారు 88 వంతులవరకు పోయి ఆగెను. మేలు కనబడినది గాని రోగము పోలేదు. పిమ్మట మెమ్‌టెస్ట్86 అను పరీక్షను వేరొక పెన్‌డ్రైవుపై నెక్కించితిమి. దీనికి వెల లేదు; ఆపరేటింగు సిస్టముతో పని లేదు; మెమరీలో ప్రతి గడియందును వ్రాసి, మరల చదివి, రెండును ఒకటియగునో కాదో చూచును. పది నిమిషములలో ఎర్రని పంక్తులు వచ్చినవి. అది ప్రత్యక్షము.

అయినను ఏ స్టిక్కు దోషియో, లేక అది కూర్చున్న స్లాటు దోషియో తేలలేదు. ఇచ్చట తార్కికుల అన్వయ వ్యతిరేకములు ఉపయోగించినవి. ఏది యున్నచో దోషమున్నదో, ఏది లేనిచో దోషము లేదో చూడవలెను. ఒక మారునకు ఒకటియే మార్పవలెను. మొదటి స్టిక్కు నొక్కదానినే యుంచి రాత్రియంతయు పరీక్షించితిమి, దోషము లేదు. తెల్లవారి దానిని తీసి, రెండవదానిని అదే స్లాటునందుంచితిమి; ఎరుపు. రెండవదానిని వేరొక స్లాటునకు మార్చితిమి, అచ్చటను ఎరుపే. మొదటిదానిని ఆ రెండవ స్లాటునందుంచి చూడగా శుద్ధము. దోషము స్లాటునందు నిలువక స్టిక్కుతో కూడ నడచెను గనుక బోర్డు నిర్దోషి. ఆరవ దినమున ఆ జతను దుకాణమునకు తిరిగి పంపిరి. జతగా అమ్మినదానిని జతగానే పంపవలెను. ఒక్కదానిని పంపినచో తీసికొనరు. క్రొత్త జత వచ్చినది. దానిని కూడ ఒక రాత్రి పరీక్షించిన పిదపనే స్థాపనము చేసిరి. అప్పు తేలేదు.

మెమరీ శుద్ధముగా నున్నను తప్పులు తడవకొకచోట వచ్చుచున్నచో ప్రాసెసరును చూడవలెను. ఇంటెలువారి 13, 14 తరముల డెస్కుటాపు ప్రాసెసర్లలో కొన్ని, అధిక వోల్టేజి నడుగు లోపలి యాదేశముల వలన క్రమముగా చెడుచున్నవని 2024లో ఆ సంస్థవారే ప్రకటించి, బయోసు ద్వారా సవరణ నిచ్చి, వారంటీని మరి రెండేండ్లు పెంచిరి. కుదించిన ఫైళ్లను విప్పునప్పుడు తప్పులు వచ్చుట దాని ముఖ్యలక్షణములలో నొకటి. ఆ సవరణ ముందు కలుగు చేటును ఆపును గాని, కలిగిన చేటును మాన్పదు. కావున వాడిన ప్రాసెసరును చౌకగా కొనువారు తరము నడిగి తెలిసికొనవలెను. బయోసును మార్చునప్పుడు మెమరీ వేగమును సాధారణ స్థితియందే యుంచవలెను. కూలరు అడుగున అంటించిన ప్లాస్టిక్ పొరను తీయక బిగించి, వేడిమిచే యంత్రము ఆగగా బోర్డును నిందించినవారు కూడ కలరు.

విఘ్నమువలె కనబడియు విఘ్నము కానివి కొన్ని కలవు. ఎస్.ఎస్.డి. అసలే కనబడకున్నచో, కొన్ని ఇంటెలు యంత్రములయందు వి.ఎం.డి. అను నమరిక కారణము కావచ్చును. బోర్డువారి డ్రైవరును పెన్‌డ్రైవులో నుంచి చూపినచో కనబడును. ఈ యంత్రము విండోస్ 11కు తగదని తెర చెప్పినచో, బయోసులో టి.పి.ఎం. ఆన్ చేయబడినదో లేదో చూడుడు. వీనికి ఏ భాగమును కొననక్కరలేదు.

దుకాణమువారితో మాటలాడునప్పుడు నోటుబుక్కును, ఎర్ర పంక్తుల ఫొటోను, బిల్లును దగ్గర నుంచుకొనుడు. స్టిక్కుపై నున్న క్రమసంఖ్య ఆ ఫొటోలో కనబడునట్లు వేరొక ఫొటో కూడ తీయించుడు. గడువు బిల్లు తేదీనుండియో, వస్తువు చేరిన తేదీనుండియో ముందే యడిగి వ్రాసికొనుడు. మన యూళ్లలో రాత్రి విద్యుత్తు నిలుకడ మీరెరిగినదే. ఇన్వర్టరు లేనిచో, పరీక్ష నడుమ కరెంటు పోయినప్పుడు మొదటినుండి మరల నారంభింపవలసినదే.