వెనక షాక్: కొలతలో రెండు అంకెలు

విద్యార్థులారా, కొండదారుల్లో తొక్కే మౌంటెన్ సైకిల్‌ను మీలో కొందరైనా చూసే ఉంటారు. రెండు చక్రాలకూ సస్పెన్షన్ ఉన్న రకంలో ఫ్రేము నడుమ ఒక షాక్ అబ్జార్బర్ ఉంటుంది. అది ఆయిలు కారి పాడైతే, చాలామంది పాతదాని పక్కన కొత్తది పెట్టి, పొడవు సరిపోతే కొనేస్తారు. నా విద్యార్థి ఒకతను అలాగే చేశాడు. బోల్టులు చక్కగా పట్టాయి. వీధిలో నాలుగు చుట్లు బాగానే తిరిగాడు. మొదటి పెద్ద గుంతలో వెనక టైరు సీటు గొట్టాన్ని ఒరుసుకుని చక్రం పట్టేసింది, అతను కిందపడ్డాడు. మోచేతి గాయంతో సరిపోయింది కనుక ఈ మాట తేలిగ్గా చెబుతున్నాను.

షాక్ కొలతను 200 × 51 అనే తీరులో రాస్తారు, మిల్లీమీటర్లలో. మొదటి అంకె, బరువు లేనప్పుడు రెండు చివర్ల బోల్టు రంధ్రాల కేంద్రాల మధ్య దూరం. రెండోది స్ట్రోక్, అంటే షాక్ ఎంత మేర లోపలికి నొక్కుకుంటుందన్నది. 200 పొడవులోనే 51 స్ట్రోక్‌వీ దొరుకుతాయి, 57వీ దొరుకుతాయి. అతనికి కావలసింది 51, తెచ్చింది 57.

ఆరు మిల్లీమీటర్లకే ఇంత ప్రమాదమా అని మీరడగవచ్చు. గునపంతో బండరాయిని పెకలించడం గుర్తు చేసుకోండి. చేతి వైపు మూరెడు కదిలితే రాయి వైపు బెత్తెడే కదులుతుంది, కానీ అక్కడ బలం హెచ్చు. ఇక్కడ చక్రం చేతి వైపు, షాక్ రాయి వైపు. ఆ సైకిల్‌లో 51 మి.మీ. స్ట్రోక్‌కు చక్రం 125 మి.మీ. కదులుతుంది. నిష్పత్తి సుమారు 2.45. షాక్‌లో అదనంగా వచ్చిన 6 మి.మీ. చక్రం దగ్గర దాదాపు 15 మి.మీ. అయింది. ఫ్రేము చేసినవారు అంత ఖాళీ వదలలేదు.

పొడవు తప్పితే జరిగేది వేరు. 200 బదులు 210 బిగిస్తే, ఇదే నిష్పత్తిలో సైకిల్ వెనక భాగం సుమారు 25 మి.మీ. లేస్తుంది. చక్రాల ఇరుసుల మధ్య 1200 మి.మీ. ఉందనుకుంటే అది ఒక డిగ్రీ పైచిలుకు వంపు. ముందు ఫోర్కు నిటారుగా మారి, దిగుడులో హ్యాండిల్ నిలకడ తప్పుతుంది. పొట్టిది బిగిస్తే పెడళ్లు రాళ్లకు తగులుతాయి. 2016లో మెట్రిక్ కొలతల షాక్‌లు వచ్చాయి. పాత ఫ్రేముకు వాటిలో దగ్గరగా ఉన్నది చూసి సర్దుకోవద్దు.

స్ప్రింగు రకం అయితే ఇంకో లెక్క ఉంది. వెనక చక్రంపై 45 కిలోల బరువు పడితే షాక్‌పై పడేది దానికి 2.45 రెట్లు, సుమారు 110 కిలోలు, అంటే 243 పౌండ్లు. ఎక్కి కూర్చోగానే స్ట్రోక్‌లో 30 శాతం, అంటే 15 మి.మీ. దిగాలనుకుందాం. అది 0.6 అంగుళం. 243ను 0.6తో భాగిస్తే సుమారు 400. స్ప్రింగు మీద ఉండే అంకె ఇదే: ఒక అంగుళం నొక్కడానికి 400 పౌండ్లు. మీ బరువు వేసి మీరే కట్టి చూడండి, పరీక్షలో ఇచ్చే లెక్కలకంటే సరదాగా ఉంటుంది.

స్ట్రోక్ తెలుసుకోవడానికి బయటికి కనిపించే కడ్డీని స్కేలుతో కొలిచి నమ్మకండి. కొన్ని షాక్‌లలో కడ్డీ స్ట్రోక్ కంటే ఎక్కువే కనబడుతుంది. షాక్ మీది అంకెలు చెరిగిపోతే ఆ ఫ్రేము నమూనా, తయారైన సంవత్సరం పట్టుకుని తయారీదారు వివరాలు చూడండి. చివర్లలో బుష్ వెడల్పు, బోల్టు మందం కూడా కలవాలి.

బిగించాక రోడ్డెక్కకముందే గాలి షాక్ అయితే గాలంతా వదిలేయండి. స్ప్రింగుదైతే స్ప్రింగు తీసేయండి. సీటు మీద బరువు మోపి సైకిల్‌ను చివరంటా నొక్కి, టైరుకూ సీటు గొట్టానికీ మధ్య వేలు దూరుతుందో లేదో స్నేహితుణ్ణి చూడమనండి. నొక్కి ఉన్నంతసేపూ వేలు మాత్రం పెట్టనివ్వకండి, కంటితో చూస్తే చాలు.