సీతాఫలం బొమ్మ వేద్దాం



ఈ రోజు పలక పక్కన పెడదాం. నీటి రంగులతో పండు బొమ్మ వేద్దాం.

"బొమ్మలు మాకెందుకు టీచరమ్మా? అవి చిన్నపిల్లల పని కదా!" అంటారేమో. మీరు రోజూ వాకిట్లో ముగ్గు వేస్తారు. చుక్క తప్పదు. గీత వంకర పోదు. ఆ చేతికి బొమ్మ రాదా?

రాజమండ్రిలో దామెర్ల రామారావు గారని గొప్ప చిత్రకారుడు ఉండేవారు. 1897లో పుట్టారు. నీటి రంగుల బొమ్మలతో పేరు తెచ్చుకున్నారు. 1925లో మశూచి సోకి చనిపోయారు. అప్పటికి ఆయనకు 28 ఏళ్ళు కూడా నిండలేదు. ఆయన భార్య సత్యవాణి గారు, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ గారు కూడా బొమ్మలు వేశారు. నూరేళ్ళ కిందటే మన ఆడవాళ్ళు కుంచె పట్టారు. మనమూ పడదాం.

ఏమేం కావాలి? రంగు బిళ్ళలు, కుంచె, మందం కాగితం, రెండు గిన్నెల్లో నీళ్ళు, పాత గుడ్డ ముక్క.

రంగు పొడిలో తుమ్మ జాతి చెట్ల బంక కలిపి ఈ బిళ్ళలు చేస్తారు. నీళ్ళు తగిలితే బంక కరుగుతుంది. ఆరితే రంగును కాగితానికి అంటిస్తుంది.

వానలు తగ్గే వేళకు మన నల్లమలలో సీతాఫలాలు వస్తాయి. మన సున్నిపెంటలో వాటికి కొదవ లేదు. ఒక పండు తెచ్చి కిటికీ పక్కన పెట్టండి. వెంటనే వేయకండి. ముందు చూడండి. వెలుగు ఎటు పడింది? నీడ ఎటు ఉంది?

సీతాఫలం ఆకుపచ్చ అని మనకు తెలుసు. కానీ కళ్ళు విచ్చుకున్న చోట పసుపు ఛాయ ఉంటుంది. నీడ వైపు ముదురుగా ఉంటుంది. తెలిసింది కాదు, కనిపించింది వేయండి.

పెన్సిలుతో పండు ఆకారం తేలిగ్గా గీయండి. పసుపులో కొంచెం నీలం కలిపితే ఆకుపచ్చ వస్తుంది. నీళ్ళు ఎక్కువ కలిపి, ముందు లేత రంగు వేయండి. అది ఆరనివ్వండి. తడి మీద వేస్తే రంగు పాకుతుంది. ఆరాక ముదురు రంగు వేయండి. నీడకు ఆ ఆకుపచ్చలోనే చుక్క ఎరుపు కలపండి.

ఇంకో మాట. వెలుగు తళుక్కుమనే చోట రంగు వేయకండి. కాగితం తెలుపే అక్కడ వెలుగు.

మొదటి బొమ్మ బాగా రాకపోవచ్చు. కాగితం తిప్పి రెండో వైపు వేయండి. పొద్దున లేస్తే ఇంటిపని, కూలిపని. ఒక్క అరగంట మీ కోసం కూర్చోండి. తప్పు లేదు.

బొమ్మ కింద మీ పేరు మీరే రాయండి. తర్వాత పండు పిల్లలతో కలిసి తినండి!