రొట్టె చేసిన చేతులు



ఇస్మాయిల్‌ఖాన్‌పేట తల్లులకు తెలుసు: జొన్నపిండి గోధుమపిండిలా సాగదు. వేడినీళ్లతో కలిపి, అరచేతితో తట్టాలి. చెయ్యి తప్పితే రొట్టె విరుగుతుంది. పటాన్‌చెరు కంపెనీలో షిఫ్టు దిగి వచ్చిన సహోదరి, ఓపిక లేక మిషను రొట్టెలు కొంటే ఆమెను సోమరి అందామా?

యోహాను సువార్త 6వ అధ్యాయంలో చిన్నవాని దగ్గర ఐదు యవల రొట్టెలున్నాయి. అవి ఎవరు కాల్చారో వ్రాయబడలేదు. ప్రభువు వాటికొరకు తండ్రిని స్తుతించి, అందరికీ పంచాడు.

సహోదరులారా, చేతిరొట్టె రుచే కావాలా? ఈ రాత్రి పిండి మీరు కలపండి. లేదా, కొన్న రొట్టెకే దేవునికి వందనాలు చెప్పి, ఆమెతో కలిసి కూర్చుని తినండి.

దేవుడు మీ గృహాలను దీవించును గాక. ఆమేన్.