పీ53: కాపలాదారు కథ



నేను కామర్స్ చదివి బ్యాంకులో గుమాస్తాగా రిటైరయినవాణ్ణి. నాకు జీవశాస్త్రంతో పనేమిటని మీరనుకోవచ్చు. మా అప్ప రెండేళ్ళుగా నన్ను గుర్తుపట్టడం లేదు. మొన్న వెళితే "మీరు ఎవరి తాలూకు బాబూ?" అని అడిగింది. మొదట మేమంతా వయసు మతిమరుపే అనుకుని ఏడాది ఊరుకున్నాం. ఆల్జీమర్స్ అని డాక్టరుగారు చెప్పాక, మా మనవరాలి పుస్తకాలు తీశాను.

మన కణాల్లో పీ53 అనే ప్రొటీను ఉంది. 1979లో కనుగొన్నారు. 1992లో డేవిడ్ లేన్ దానిని జన్యురాశికి కాపలాదారు అన్నారు. మా రోజుల్లో లెడ్జరులో నేను వేసిన పద్దును పాసింగ్ ఆఫీసరు చూసేవారు, తప్పుంటే ఆపి దిద్దించేవారు. పీ53 కూడా అంతే. డీఎన్ఏ దెబ్బతింటే కణవిభజనను ఆపి మరమ్మతుకు వ్యవధి ఇస్తుంది. బాగుపడనంతగా చెడితే ఆ కణాన్నే చంపిస్తుంది. క్యాన్సర్లలో దాదాపు సగంలో ఈ పీ53 జన్యువే చెడి ఉంటుంది.

చర్మంలో ఒక కణం పోతే ఇంకొకటి వస్తుంది. మెదడులోని నాడీకణం అలా కాదు, చాలావరకు పోయింది పోయినట్టే. కార్బన్ కాపీ లేని లెడ్జరు అనుకోండి, పేజీ చించితే ఖాతాయే పోతుంది. పైగా వయసుతో మరమ్మతు మందగిస్తుంది. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో కల్లూరి సుబ్బారావు గారి బృందం ముసలి ఎలుకల నాడీకణాల్లో డీఎన్ఏను బాగుచేసే పాలిమరేజ్ బీటా ఎంజైము తగ్గడం చూసింది. ఆల్జీమర్స్, హంటింగ్టన్ రోగుల మెదళ్ళలో పీ53 ఎక్కువగా ఉన్నట్టు ఇతర దేశాల పరిశోధకులు గమనించారు. అదొక్కటే కారణమని కాదు, చాలా దోషాల్లో అదొకటి.

అయితే పీ53ను ఆపేస్తే సరి కదా అని నేనూ అనుకున్నాను. 2005లో హంటింగ్టన్ జబ్బు తెప్పించిన ఎలుకల్లో పీ53ను తొలగిస్తే కొన్ని లక్షణాలు తగ్గాయి. కానీ పీ53 బొత్తిగా లేని ఎలుకలకు చిన్న వయసులోనే క్యాన్సరు వస్తుంది. దెబ్బతిన్న నరం మళ్ళీ పెరగడానికి కూడా అది కావాలట! అందుకే జ్ఞాపకశక్తి టానిక్కులు అమ్మేవాళ్ళ మాట నేను నమ్మను, అప్పకు ఒక సీసా కొన్నాక బుద్ధి వచ్చింది.

కాపలాదారును ఉద్యోగంలో ఉంచుతూనే మెదడులో మాత్రం చెయ్యి చేసుకోకుండా చూడటం ఎలా? ఈ లెక్క ఇంకా తేలలేదు. మన బరంపురంలో మెడికల్ కాలేజీ ఉంది, 2016లో ఐసర్ కూడా వచ్చింది. ఈరోజు స్కాలర్‌షిప్పు అందుకున్న పిల్లల్లో బయాలజీ తీసుకున్నవారు ఉంటే, సభ అయ్యాక నన్ను కలవండి. నా నోటు పుస్తకంలో రాసుకున్న ప్రశ్నలు ఇంకా చాలా ఉన్నాయి.