నీరున్న వైపే వాషరు
(మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను కర్నూలు, కడప జిల్లాల ఆఫీసుల్లో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. డి.ఏ. గురించి, వైద్య ఖర్చుల గురించి మాట్లాడేందుకు పెద్దలు చాలామంది ఉన్నారు. నేను మాత్రం చేపల తొట్టి గురించి నాలుగు మాటలు చెబుతాను. నవ్వకండి.

కడపలో మా మనవడు అద్దాల తొట్టి తెచ్చాడు. పొడవు మూడడుగులు, వెడల్పు అడుగు, ఎత్తు అడుగున్నర. లెక్క కడితే సుమారు 120 లీటర్లు, అంటే నీటి బరువే 120 కిలోలు. నీళ్లు మార్చడం సులువవుతుందని పక్క అద్దానికి అడుగు భాగంలో రంధ్రం వేయించి, ట్యాంకు నిపిల్ పెట్టించి కుళాయి బిగించారు. ఆ రాత్రే కారడం మొదలైంది. తెల్లవారుజామున మా ఇంటావిడ ఆ తడిలో కాలుజారి, గోడ పట్టుకుని ఎలాగో నిలదొక్కుకుంది. మన వయసులో తుంటి ఎముక విరిగితే ఏమవుతుందో మీకు వేరే చెప్పనక్కరలేదు.

పనివాణ్ణి మళ్లీ పిలిస్తే, బయటివైపు ఎం-సీల్ ముద్ద పులిమి, స్పానరుతో నట్టును ఇంకా బిగించబోయాడు. అద్దం పగులుతుందని ఆపాను. "ఈ వయసులో నీకెందుకు తాతా?" అన్నాడు మనవడు.

నీళ్లు తోడించి, విప్పి చూశాను. రబ్బరు వాషరు బయట, నట్టు కింద ఉంది. తప్పు అక్కడే. అలా ఉంటే నీరు రంధ్రంలోకి దూరి, మరచుట్ల వెంబడి బయటికొస్తుంది. వాషరు తొట్టి లోపల, నిపిల్ అంచుకూ అద్దానికీ మధ్య ఉండాలి. అప్పుడు నీరు రంధ్రం దాకా రానే రాదు. పాత ముద్దను బ్లేడుతో గీకి, అద్దం తుడిచి, వాషరు లోపల పెట్టి, నట్టును చేత్తో బిగించి, ఆపైన పావు చుట్టు మాత్రం తిప్పాను. కింద పాత దినపత్రిక పరిచి, నీళ్లు నింపి ఒక రోజు ఉంచాం. కాగితం మీద మరక పడలేదు. ఆ తర్వాతే చేపల్ని వదిలాం.

మిద్దె మీది ప్లాస్టిక్ ట్యాంకుకూ ఇదే సూత్రం. సిలికాన్ పేస్టు అద్దానికి పట్టుకుంటుంది గాని ఆ ప్లాస్టిక్‌కు సరిగా పట్టదు. అక్కడ నీటిని ఆపేది వాషరే. మన ఎండలకు రబ్బరు గట్టిపడి పగులుతుంది కనుక వేసవికి ముందే చూసి మార్చాలి. సెకనుకొక చుక్క కారితే రోజుకు 86,400 చుక్కలు. 20 చుక్కలకు ఒక మిల్లీలీటరు వేసుకున్నా నాలుగు లీటర్ల పైమాటే. ట్యాంకరు కోసం బిందెలు వరుసపెట్టిన మనకు ఆ నాలుగు లీటర్ల విలువ తెలుసు.

ఈ జాగ్రత్త మన సీమకు కొత్తది కాదు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువును విజయనగర రాజకుమారుడు భాస్కరుడు కట్టించాడు. రోజూ వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని 1369 నాటి శాసనం చెబుతుంది. చెరువుకుండే ఆరు దోషాలను కూడా అందులో చెక్కించారు. వాటిలో మొదటిది కట్ట నుంచి నీరు కారడం.

ఇంటికి వెళ్లాక మీ ట్యాంకు పైపు కింద చేయి పెట్టి చూడండి. మిద్దె ఎక్కలేనివారు పిల్లల్ని పంపండి. వాషరు ఎటువైపు ఉండాలో కింద నుంచి మీరు చెప్పండి.

సెలవు.