ఇంటిపని ఎవరిది?

మగవాడంటే సంపాదించి తెచ్చేవాడని చిన్నప్పటినుంచీ వింటున్నాం. మరి భార్య కూడా ఉద్యోగానికి వెళ్లే ఇంట్లో సంగతేమిటి? 2019లో కేంద్ర ప్రభుత్వం దేశమంతటా సమయ వినియోగ సర్వే జరిపింది. దాని ప్రకారం, ఇంటిపని చేసే ఆడవాళ్లు అప్పట్లో రోజుకు సగటున 299 నిమిషాలు ఆ పనిలోనే గడిపేవారు. చేసే మగవాళ్లు 97 నిమిషాలే. అసలు ఆరేళ్లు నిండిన మగవాళ్లలో ఆ పని ముట్టుకున్నదే నూటికి 26 మంది.

"చెబితే చేస్తానుగా!" అంటారు చాలామంది భర్తలు. కానీ బియ్యం నిండుకున్నాయని, పిల్లాడికి టీకా వేయించాలని, గ్యాస్ బుక్ చేయాలని గుర్తుపెట్టుకోవడమూ పనే. సాయంత్రం వస్తూ వస్తూ కూరలు తెచ్చి, తరిగి, వండి, తిన్నాక గిన్నెలు తోమే భర్త తన ఇంటిపని తాను చేసుకుంటున్నాడంతే. అందులో మెచ్చుకోళ్లకు చోటేముంది? అది చూస్తూ పెరిగే కొడుక్కి వేరే పాఠం చెప్పనక్కర్లేదు.