పెరటి తోటలో దవనము

(రైతుల సభలో చేసిన ప్రసంగము)



లావెండరను సువాసన మొక్కను పెరటిలో పెంచవచ్చునా యని మీలో కొంద రడుగుచున్నారు. అది మధ్యధరా సముద్రపు దాపునగల కొండల మొక్క. రాళ్లును సున్నమును గల యెండునేల, చల్లని శీతకాలము, తేమలేని వేసవి దానికి హితములు. మన దేశమున జమ్మూ ప్రాంతపు భదర్వా కొండలలో, 5,000 అడుగులకు పైబడిన యెత్తున, అది చక్కగా పండుచున్నది. మన మైదానములందైతే వర్షకాలపు తడి దాని వేళ్లను కుళ్లించును. కుండీలో ఒకటి రెండు మొక్కలు బ్రతికినను బ్రతుకవచ్చును గాని, అందుకై సొమ్ము వెచ్చించుట నాకు సమ్మతము గాదు. పరిమళమున దానికి తీసిపోని మొక్క మన పూలదండలలోనే యున్నది. అది దవనము.

దవనము మాచిపత్రికి చుట్టము. ఆకు బూడిదవన్నె, పువ్వు పసుపువన్నె, ఎత్తు ఒకటిన్నర మొదలు రెండడుగులు. ఒక్క పంటకాలమే జీవించును. పగలు నిండు ఎండ, రాత్రి చలి, వానలేని ఆకాశము దీనికి కావలెను. కావున కార్తీకమాసమున, అనగా అక్టోబరు చివరనుండి నవంబరు నడుమవరకు, నారు పోయవలెను. నీరు నిలువని ఎర్రనేల గాని, ఇసుక కలిసిన గరపనేల గాని మంచిది. నల్లరేగడిలో ఎత్తు మడులు కట్టినగాని వేయరాదు.

ఈ పంటలో కష్టమంతయు నారుమడిలోనే కలదు. విత్తనము నలుసువలె నుండును. ఊదిన నెగిరిపోవును. దానిని తడిగుడ్డలో మూటగట్టి, రెండు దినములు నీడ నుంచినచో మొలక కన్పడును. అప్పుడు సన్నని ఇసుకతో కలిపి, చివికిన పశువుల ఎరువు వేసి చదును చేసిన మడిపై పలుచగా చల్లవలెను. పైన మన్ను కప్పరాదు. చిటికెడు జల్లించిన ఎరువు రాల్చిన చాలును. నీరు పారించినచో విత్తనమంతయు ఒక మూలకు చేరును గనుక, సన్నని చిల్లుల డబ్బాతో ఉదయ సాయంకాలములందు తుంపరగా చల్లవలెను. నారు ఒత్తుగా నున్నను, తడి మిక్కుటమైనను, మొదలు కుళ్లి ఒక్క రాత్రిలో చాపవలె పడిపోవును. నష్టపడినవారిలో పెక్కండ్రు ప్రేమకొలది ఎక్కువ నీరు పోసినవారే.

ఆరేడు వారములకు నారు నాలుగంగుళములు పెరుగును. వరుసకు వరుసకు ఆరంగుళములు, మొక్కకు మొక్కకు మూడంగుళములు ఎడముంచి, సాయంకాలమున నాటవలెను. వేరు పట్టువరకు దినదినమును, పిదప నేల ఆరినప్పుడును తడి పెట్టవలెను. కలుపు చేతితోనే తీయవలెను.

దండలకైన పువ్వు రాకమునుపే లేత కొమ్మలు కోయుదురు. నూనెకైన నట్లు కాదు. పూమొగ్గలు సగము విచ్చిన వేళ, ఫాల్గుణమాసమున, కోయవలెను. పరిమళ మప్పుడే నిండుగా నుండును. కోతకాలమున వాన పడినచో వాసన తగ్గును. కోసిన కొమ్మలను నీడనే ఆరబెట్టవలెను. ఆరినను వాసన పోదు గనుక బట్టలపెట్టెలో నుంచుకొనవచ్చును. చైత్రమాసమున దేవాలయములలో దమనోత్సవము జరుపు వాడుక కలదు. ఆ దినములలో కట్టలకు మంచి గిరాకి యుండును.

ఇక పొలముల కొలది వేయుదుమా యని పెద్ద రైతులడుగుదురు. దవనపు నూనె పరదేశపు అత్తరు వర్తకులకు ఇష్టమైన సరకు. ప్రపంచమునకు దాదాపు యావత్తును మన దేశమునుండియే పోవును. అయినను 1,000 పౌనుల పచ్చికొమ్మలకు రమారమి రెండు పౌనుల నూనె మాత్రమే దిగును. ఆవిరిబట్టీ దగ్గర లేనిచో కోసిన పంట చేతిలోనే వాడును. కొనువారు కొలదిమంది గావున, ఎక్కువమంది వేసిన యేట ధర పడిపోవును. బట్టీయు కొనుగోలుదారును ముందుగా కుదిరినగాని ఎకరములకు దిగవలదు. పెరటిలో రెండు మడులు వేసి, ఒక శీతకాలము చూచిన పిదప ఆలోచింపుడు.

విత్తనము మాత్రము మీరే నిలుపుకొనుడు. పాతబడినకొలది మొలక తగ్గును. సంవత్సరము దాటినదానిని నమ్మరాదు. బలమైన మొక్కలను పది పదునైదింటిని కోయక విడిచి, అవి ఎండిపోవు సమయమున మెల్లగా పెరికి, గుడ్డపై పరచి దులుపుడు. గాలి లేనిచోట చేయవలెను. జల్లించి, బాగుగా ఆరబెట్టి, సీసాలో బిగించి, తేమ తగులని చోట దాచి, రాబోవు కార్తీకముననే వాడుడు.